ఒకే ఒక్క లైను

ఎమ్మిగనూరు, 12-8-1983, పగలు పన్నెండు.

విఠల్, నేనిక ఫోను ముట్టకూడదు. అందుకే ఈ కార్డు రాసి ఆదోని బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

కోడలు రమకు కాన్పు కష్టమైందని విని 10-20కి మీరున్న ఆదోని ఆసుపత్రికి ట్రంకాల్ చేశాను. "కనుక్కోనొస్తా, ఉండవ్వా," అని నర్సు వెళ్ళింది. లైను తెంపొద్దని ఆపరేటరును బతిమాలుకుని, రిసీవరు చెవి నుంచి తీయలేదు.

11-25కి నర్సు అరిచింది: "ఇంగా పట్టుకోనే ఉండావా అవ్వా! ఈడుండేది ఒగటే ఫోను. రక్తం కోసం కర్నూలుకు సేయాలని అల్లాడతాండాము!"

ఇక జరగవలసినవి:

1. కర్నూలుతో మాట్లాడేదాకా ఆ ఫోను ఇంకెవరినీ ముట్టనివ్వకు.

2. నాకు కబురు బస్సులోనే పంపు.

3. రమ కళ్ళు తెరిస్తే, ఆ అరవై అయిదు నిమిషాలు లైను పట్టుకున్నది అత్తేనని చెప్పు. తెరవకపోతే ఊరందరికీ చెప్పు.