ప్లాస్టర్ ముక్కలు

“చెయ్యి చాపు బాబూ” అన్నాడు లాబ్‌లో రక్తం తీసే జహూర్.

వెంకటనారాయణ చాపాడు. చొక్కా చేతులు పిగిలిపోయేంత కండ. కానీ ఆ చెయ్యి ఎండుటాకులా వణుకుతోంది.

“గింత చెయ్యి పెట్టుకొని సూదికి భయపడ్తవా?”

నారాయణ భయం సూదికి కాదు. సూదులు వాడికి కొత్తేం కాదు. కండలు పెరగాలని, కసరత్తు చేసే తాలింఖానాలో నెలల తరబడి పొడిపించుకుంటున్నవి అవే. పోయిన వారం, వాడితోపాటు అవే సూదులు వేయించుకున్న ముత్యాలు కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి దవాఖానాలో పడ్డాడు. అప్పటినుంచి నారాయణకి కంటి మీద కునుకు లేదు. పొద్దున లేస్తే అద్దం ముందు నిలబడి కనురెప్పలు లాగి చూసుకోవడమే పని.

సరిగ్గా అప్పుడే మంచం కింద సూదిమందు సీసాలు తండ్రి వెంకటప్పయ్య కంటపడ్డాయి. ఖమ్మంలో అయితే చుట్టాలెవరైనా చూస్తారని, దమ్మపేటలో భద్రాచలం బస్సెక్కించి ఇక్కడికి లాక్కొచ్చాడు.

“లివర్ చెడిందని తేలిందా, ఆదివారం కండల పోటీ లేదు, తాలింఖానా లేదు. కాళ్ళిరగ్గొట్టి ఇంట్ల కూసోబెడ్త” అని బస్సులోనే, పదిమందీ వింటుండగా చెప్పేశాడు.

“పిలగాణ్ణి అనకండి. అసలే బెదిరి ఉన్నడు” అంది తల్లి సుబ్బరత్నం. కొడుకు మీద ఈగ వాలనివ్వదావిడ. ఆవిడకీ ఈ మధ్య అన్నం సయించడం లేదు, మనిషి సగమైంది. డాక్టరు ఆవిణ్ణి కూడా చూసి, “ఎట్లాగూ వచ్చారు, అమ్మకి కూడా అదే పరీక్ష చేయించండి” అన్నాడు.

జహూర్ ఇద్దరి రక్తమూ తీసి రెండు గాజు ట్యూబుల్లో పోశాడు. తెల్ల ప్లాస్టర్ రెండు ముక్కలు కత్తిరించి, వాటి మీద పేర్లు రాసి, ఒక్కో ట్యూబుకి ఒక్కోటి అంటించాడు. రెండింటినీ చెక్క స్టాండులో నిలబెట్టాడు.

“రక్తం గడ్డకట్టాలె. అందాక చాయ్ తాగొస్త” అంటూ బయటికి పోయాడు.

తండ్రి వరండాలో బెంచీ మీద ఉన్నాడు. తల్లి కళ్ళు తిరుగుతున్నాయంటూ మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. గదిలో నారాయణ ఒక్కడే, ఆ రెండు ట్యూబులతో మిగిలాడు.

వాడు ట్యూబుల దగ్గరికి జరిగాడు. అమ్మ పేరు మీద చెడ్డ రిపోర్టొస్తే ఏమవుతుంది? డాక్టరు మందులిస్తాడు, అమ్మ నోరెత్తకుండా మింగుతుంది. అంతే కదా! ఆదివారం పోటీ అయిపోగానే తను సూదులు మానేస్తాడు. ఎవరికీ తెలియకుండా మళ్ళీ పరీక్ష చేయించుకుంటాడు. దేవుడి మీద ఒట్టు.

ప్లాస్టర్ ముక్కలు రెండూ ఊడబెరికి అటుదిటు, ఇటుదటు అంటించేశాడు.

తల్లి కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. “నువ్వు పోయి మీ నాన్న పక్కన కూసో. నేను సంచి సర్దుకొని వస్త” అంది. వాడు బతుకుజీవుడా అనుకుంటూ బయటపడ్డాడు. ఆవిడ రావడం కాస్త ఆలస్యమైంది. వచ్చి కొడుకు వీపు నిమిరి, “ఏం కాదులే” అంది.

మధ్యాహ్నం డాక్టరు ముగ్గురినీ లోపలికి పిలిచాడు.

“సుబ్బరత్నం గారికి ఏమీ లేదు. వట్టి నీరసమే” అని ఆగాడు. రెండో కాగితం చూస్తూ గొంతు తగ్గించాడు. “అబ్బాయి లివర్ బాగా దెబ్బతింది. ఇవాళే వరంగల్ పెద్ద దవాఖానాకి తీసుకుపోండి. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు.”

కాళ్ళు విరగ్గొడతానన్న వెంకటప్పయ్య కుర్చీలో కూలబడ్డాడు. “సారూ, ఒక్కడే కొడుకు. ఎట్లనన్న బతికియ్యాలె” అని చేతులు జోడించాడు.

నారాయణకి ముందు అర్థం కాలేదు. తర్వాత ప్లాస్టర్లు మార్చింది గుర్తొచ్చింది. తన పేరున వచ్చింది అమ్మ రిపోర్టు! తనకేమీ లేదు. ముత్యాలులా తనకేమీ కాదు. ఆ మాటకి ఎగిరి గంతెయ్యాల్సినవాడు తల్లి వైపు చూసి కొయ్యబారిపోయాడు. పీక్కుపోయిన బుగ్గలు, మోచేతి దాకా జారుతున్న గాజులు. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరమూ పట్టించుకోలేదే! ఇప్పుడు తను నోరు మూసుకుంటే తనను వరంగల్ తీసుకుపోతారు. అమ్మ ఇంటికి పోయి పొయ్యి ముందు కూర్చుంటుంది. అట్లాగే పోతుంది.

“అది నా రక్తం కాదు!” గావుకేక పెట్టాడు. “ప్లాస్టర్లు నేనే మార్చిన నాన్నా! నీకు భయపడి మార్చిన. అది అమ్మ రక్తం. జల్దీ అమ్మను తీసుకపోదాం!”

వెంకటప్పయ్య చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

సుబ్బరత్నం మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఎప్పుడు మార్చినవ్‌రా?” అంది మెల్లగా.

“నువ్వు మొహం కడుక్కోను పోయినప్పుడు. నన్ను కొట్టమ్మా, చంపమ్మా, కానీ దవాఖానాకి మాత్రం నడువు!”

ఆవిడ కొడుకు రెండు చేతులూ పట్టుకుంది. ఇప్పుడు వణుకుతున్నవి ఆవిడ చేతులు.

“నీ మీద మాట పడొద్దని... తిరిగొచ్చి నేను గూడ మార్చిన్రా, కొడకా!”