రాజుగారి వరండాలో మనిషి

ఆటో ఇంకా ఆగకముందే సుప్రియ కాలు కింద పెట్టేసింది.

భీమవరం దాటాక, రొయ్యల చెరువుల మధ్య ఉంది దుర్గాప్రసాదరాజుగారి ఇల్లు. ఆయన మేత వ్యాపారం ఎత్తేసి, ఆఫీసులో వాడిన టవర్ సర్వర్‌ని, అంటే పెద్ద కంప్యూటర్ని, అమ్మకానికి పెట్టారు.

"ఒకాయనకి మాటిచ్చానమ్మా. ఆయన రాకపోతే మీకే," అని పొద్దున ఫోన్లో అన్నారు.

ఇంకొకరు అడిగారనడం అమ్మేవాళ్ళ పాత పాటే. కానీ నిజమైతే? ఆ ఇంకొకరి కంటే ముందు చేరాలని రామచంద్రపురం నుంచి బస్సులు మారి పరిగెత్తుకొచ్చింది.

వరండాలో నలభై ఏళ్ళ మనిషొకడు కూర్చున్నాడు. ఆమెను చూసి లేచి కుర్చీ జరిపాడు.

"రండి, కూర్చోండి. రాజుగారు చెరువు మీదికెళ్ళారు. వచ్చేస్తారు."

లోపలికి తొంగిచూసి, "పాపాయిగారూ, కాసిని మంచినీళ్ళండీ," అని కేకేశాడు. గ్లాసు తనే అందుకుని ఇచ్చాడు.

ఇంటి మనిషే అనుకుంది సుప్రియ.

"కంప్యూటర్ కోసం ఇంకెవరైనా వస్తారేమోనండీ," అంది. అతను నోరు తెరిచేలోపే, "వస్తే మాత్రం కూర్చోబెట్టకండి. నేను తీసేసుకుంటున్నాను," అని ముగించేసింది.

అతను తెరిచిన నోరు మూసేసి, ఇంకో మాట అడిగాడు. "ఇంట్లోకి అంత పెద్దది దేనికండీ?"

"వర్చువల్ మెషీన్లకి. ఒక్క పెట్టెలోనే ఏడెనిమిది కంప్యూటర్లు ఉన్నట్టు నడపాలి. మీకు చెప్పినా తెలీదులెండి."

"ఒక చెరువుకే అడ్డగట్లేసి నాలుగు చెరువులు చేసుకున్నట్టన్నమాట."

వెటకారంలా తోచింది ఆమెకి.

"ఇది బాగా మోతండి," అన్నాడు మళ్ళీ. "కరెంటూ ఎక్కువే లాగుతుంది. మంచి ల్యాప్‌టాప్ తీసుకోకపోయారా?"

ఇక అనుమానం లేదు. పోయిన వారం తణుకులో ఇలాంటి బ్రోకరే ఒకడు వంకలు చెప్పి చెప్పి, ఆమె తటపటాయిస్తుండగా మిషన్ని ఇంకొకరికి ఇప్పించేశాడు.

"మీరు కమీషన్ మీద చేస్తారాండీ?"

అతను నవ్వాడు. "అబ్బే, లేదండి."

రోడ్డు మీద మోటార్ సైకిల్ చప్పుడైతే చాలు, సుప్రియ మెడ గేటు వైపు తిరుగుతోంది.

"ఆ వచ్చేవాడికీ అవసరమేనేమోనండి," అన్నాడతను.

"అవసరమున్నవాళ్ళు ఈపాటికి వచ్చి కూర్చునేవారు."

"అదీ నిజమేలెండి."

ఆ నిదానానికి ఆమెకి ఒళ్ళు మండింది.

"నాకిది సరదా కాదండీ. రాజమండ్రిలో ఒక కంపెనీ ఉద్యోగానికి ప్రకటన వేసింది. ఒక్కటే పోస్టు. ఎవరింట్లో వాళ్ళు ఈ మెషీన్లన్నీ నడిపి, ఆన్‌లైన్లో చూపించాలి. నా ల్యాప్‌టాప్ రెండోది మొదలెట్టగానే చతికిలబడుతోంది."

"రాజమండ్రిలోనాండి?" ఖాళీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ అడిగాడు.

"ఊఁ. అది రాకపోతే మళ్ళీ హైదరాబాద్ హాస్టలే నా గతి. నా కూతురు మా అమ్మని పట్టుకుని అమ్మా అంటోంది. నన్నేమో అక్కా అంటోంది."

అనేశాక నాలిక్కరుచుకుంది. ముక్కూ మొహం తెలీని బ్రోకరు ముందు ఇదంతా దేనికి?

అతను గ్లాసు గట్టు మీద పెట్టేశాడు.

రాజుగారి బండి గేట్లోకి తిరిగింది. సుప్రియ లేచేలోపే అతను ఎదురెళ్ళి దాన్ని కొబ్బరిచెట్టు దగ్గర ఆపించాడు. ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. రాజుగారు తల అడ్డంగా ఊపారు. అతను మళ్ళీ ఏదో చెప్పాడు. రాజుగారు ఆమె వైపు ఒకసారి చూసి నిట్టూర్చారు.

రేటు పెంచుతున్నారు. సుప్రియ చున్నీ బిగించి, పోట్లాటకి సిద్ధమైపోయింది.

రాజుగారు మెట్లెక్కుతూ, "చెప్పిన రేటుకే తీసుకెళ్ళండమ్మా. ముందు ఆన్ చేసి చూసుకోండి," అన్నారు.

మెత్తగా ఉంటే మొత్తబుద్ధవుతుందని ఊరికే అనలేదు, నోరు చేసుకుంటేనే దారికొస్తారు అనుకుంది సుప్రియ.

ఆ బరువు పెట్టెను అతనే ఒక పక్క పట్టి ఆటో ఎక్కించాడు. కుదుపులకి దెబ్బ తినకుండా తన తువ్వాలు మడిచి కింద పెట్టాడు.

"మీ పనవ్వాలండి," అన్నాడు.

"పోనీ బాబూ," అంది సుప్రియ, డ్రైవరుతో.

పరీక్ష గట్టెక్కింది. ఉద్యోగమూ వచ్చింది. కూతురు ఇప్పుడు అక్కా అనబోయి, సగంలో మార్చుకుని, "అక్కమ్మా" అంటోంది.

ఆ సంతోషంలో రాజుగారికి ఫోన్ చేసింది.

"ఉద్యోగం వచ్చిందండీ. మీ మిషన్ చలవే."

"శుభం తల్లీ. చల్లగా ఉండండి."

"ఆ రోజు మీ ఇంట్లో ఉన్నాయనకి కూడా చెప్పండి. కాస్త దురుసుగా మాట్లాడాను."

"మా ఇంట్లో ఎవరమ్మా? గంగాధర్‌గారా? నేను మాటిచ్చింది ఆయనకేగా. మీకంటే ముందొచ్చి, నాకోసమే కూర్చున్నారు."

సుప్రియ ఫోన్ని చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"మరి... ఆయన వద్దనుకున్నారాండీ?"

"వద్దనుకోవడమేంటమ్మా. 'ఆవిడకిచ్చేయండి, నేనింకోటి చూసుకుంటాను' అని పట్టుబట్టారు. ఎంత తిరిగినా మళ్ళీ అలాంటిది దొరకలేదంట పాపం."

"ఒకసారి కలుస్తానండీ. ఎక్కడుంటారు?"

"ఊళ్ళో లేరమ్మా. రాజమండ్రిలో ఏదో ఒక్కటే పోస్టుందంట, అది రాలేదని పిల్లాణ్ణి మొగల్తూరులో వాళ్ళ నాన్నమ్మ దగ్గర వదిలేసి, మొన్ననే హైదరాబాద్ వెళ్ళిపోయారు."