అక్క రాసిన కెర్నెల్

ఆఫీసులో అందరూ ఇళ్ళకెళ్ళిపోయారు. సర్వర్ గదిలో చెల్లెలు ఒక్కతే ఉంది. ఫ్యాన్ల హోరు తప్ప ఇంకో చప్పుడు లేదు. నెట్‌వర్క్ మీద ఏ రాకపోకలూ లేవని స్క్రీన్ చెబుతోంది. కేబుల్ పక్కన పచ్చలైటు మాత్రం సమాచారం పోతున్నట్టు గబగబా మిణుకుమంటోంది.

వచ్చే సమాచారపు ప్యాకెట్ అయినా, పోయే ప్యాకెట్ అయినా, కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రామ్ అయిన కెర్నెల్ చేతుల మీదుగానే వెళ్ళాలి. ఆ కెర్నెలే అబద్ధమాడితే ఇక ఎవరిని అడగాలి? అందులో నెట్‌వర్క్ భాగం రాసింది అక్క. పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని నేర్పిందీ అక్కే.

చెల్లెలు కేబుల్ పీకేసింది. లైటు ఆరిపోయింది.

వెంటనే ఫోన్ మోగింది.

"ఇంకా ఇంటికెళ్ళలేదా, బంగారం?" అంది అక్క. "ఆ కేబుల్ మళ్ళీ పెట్టెయ్."

"పీకానని నీకెవరు చెప్పారు?"

చెల్లెలు ఆరిపోయిన లైటు వైపు చూసింది.

"ఇక్కడి సమాచారమంతా నీకే వస్తోందా అక్కా?" అంది. "నిన్ను నమ్మాను కదే!"

"నమ్ముతావనే కదా ఈ ఉద్యోగం నీకు వేయించాను," అంది అక్క, ఎప్పటిలాగే ముద్దుగా.

చెల్లెలు ఫోన్ పెట్టేసి తలుపు వైపు పరిగెత్తింది. ఆమె చెయ్యి పడేలోపే, అదే కెర్నెల్ మీద నడిచే ఆ తలుపు దానంతటదే తాళం వేసుకుంది.