కదిలితేనే దీపం

టప్‌మని మళ్ళీ దీపం ఆరింది. లుఫేయో కలం బల్ల మీద విసిరికొట్టాడు.

"ఇదెక్కడి దిక్కుమాలిన దీపం! పీకెయ్యవయ్యా బాబూ దీన్ని!"

నడవాలో వైర్లు లాగుతున్న ఎలక్ట్రీషియన్ వెల్లింగ్స్ లోపలికి తొంగి చూశాడు.

"వీల్లేదు పెద్దాయనా. తెల్లదొరల నాటి భవనం, కరెంటు ఊరికే తాగేస్తోందని మూడు వారాల కింద గదిగదికీ పెట్టించారు. మనిషి కదులుతుంటేనే వెలుగుతుంది."

"మరి నేను మనిషిని కానా?"

"ఉలుకూ పలుకూ లేకుండా రాసుకుంటుంటే దానికేం తెలుసు? నువ్వూ ఓ బీరువావే అనుకుంటుంది."

పాత రాజధాని జొంబా ఆఫీసుల్లో సగం మంది కొత్త రాజధానికి వెళ్ళిపోయారు. ఈ పాత రికార్డుల గదిలో మిగిలింది లుఫేయో ఒక్కడే. పొద్దున్నించి సాయంత్రం దాకా పలకరించే దిక్కు లేదు. మధ్యాహ్నం మొక్కజొన్నపిండి న్సీమా ముద్ద కూడా గోడకేసి చూస్తూ తింటాడు. అది చాలదన్నట్టు, ఇప్పుడు దీపం కూడా లెక్కచెయ్యడం మానేసింది. ఆ మందపాటి గోడల మధ్య పట్టపగలే చీకటి. ఏడు నిమిషాలకోసారి తలెత్తి, కిటికీ పైన బిగించిన, కదలికని పసిగట్టే ఎర్రకన్నుకి చెయ్యి ఊపాలి. అప్పుడే వెలుతురు.

"యాభై ఎనిమిదేళ్ళ వాణ్ణి. నేనున్నానని ఓ డబ్బాకి మొరపెట్టుకోవాలా? ఏడుపొస్తోందయ్యా!" అన్నాడు.

వెల్లింగ్స్ మనసు కరిగింది. "సరేలే, ఎవరికీ చెప్పకు," అని ఎర్రకన్ను తీసేసి మామూలు స్విచ్చి పెట్టాడు.

మూడు రోజులు హాయిగా గడిచాయి. దీపం ఆరలేదు, లుఫేయో తలెత్తలేదు.

నాలుగో రోజు గుమ్మంలో "ఓదీ! లోపలికి రావచ్చా?" అని ఆడగొంతు వినిపించింది. ఆ గుమ్మంలో ఆ పిలుపు విని ఎన్నాళ్ళైందో! లుఫేయో గబుక్కున లేచి నిలబడ్డాడు. నడివయసు మనిషి, ఎరగని ముఖం.

"నా పేరు ఫైనెస్ అండీ. ఎదురు మేడ మీద టైపు గదిలో ఉంటాను, ఒక్కదాన్నే." ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "నావల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

"అయ్యో, తప్పేమిటమ్మా! మిమ్మల్ని నేనెప్పుడూ చూడనే లేదే!"

"అలా అనకండి. మూడు వారాలపాటు ఈ కిటికీలోంచి తలెత్తి రోజంతా చెయ్యి ఊపారు. నేనూ ఊపేదాన్ని. మూడు రోజులుగా మానేశారు... ఈ ఆఫీసులో నన్ను పలకరించేది మీరొక్కరే కదండీ!"