ముందు మంచినీళ్ళు

"పేరు చెప్పకు!" అంది పెద్ద మేడమ్, చెయ్యి అడ్డం పెట్టి. "నంబరు చాలు."

"రెండు వందల పద్నాలుగు." చిన్న మేడమ్ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. "మీరిప్పుడే సంతకం పెట్టాలి మేడమ్."

ఆ యూనివర్సిటీలో పిల్లల మనసులో బాధలు వినడానికి ఉన్న కౌన్సెలర్లు ఇద్దరే. పెద్ద మేడమ్ ఇరవై రెండేళ్ళుగా వింటోంది. చిన్న మేడమ్ చేరి రెండేళ్ళు కాలేదు. ఈ పేర్లు పిల్లలు పెట్టినవే. పిల్లలు చెప్పింది ఆ గదుల గడప దాటకూడదు, ప్రాణం మీదికి వస్తే తప్ప. అప్పుడైనా పెద్ద మేడమ్ సంతకం పడితేనే ఇంట్లోవాళ్ళకి చెప్పాలి. సంతకం పడేదాకా ఆ పిల్లాడెవరో ఆవిడకి కూడా తెలియకూడదు. తెలిసినవాళ్ళ బిడ్డయితే కలం అటో ఇటో ఒరుగుతుందని ఈ నియమం పెట్టింది కూడా ఆవిడే.

మూడున్నర అవుతోంది. బల్ల మీద పెద్ద మేడమ్ అన్నం డబ్బా మూత తియ్యకుండా అలాగే ఉంది.

"వేళకి తినండర్రా అని పిల్లలందరికీ చెప్తాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నా సంగతి," అంటూ ఆవిడ కాగితం దగ్గరికి లాక్కుని, బ్యాగులోంచి ఓ నీలం పెన్ను తీసింది. "మావాడిది. బాగా రాస్తుంది, నువ్వే వాడుకో అని మొన్న ఇచ్చాడు. ఊ, చెప్పు. నాలుగింటికి డీన్ దగ్గర మీటింగుంది." గోడ గడియారం కేసి చూసింది.

"మూడు వారాలుగా నిద్ర లేదుట మేడమ్. అన్నం సయించడం లేదు. ఈ వారంలో తన వస్తువులన్నీ పంచేశాడు. గిటారు ఒకడికి, సైకిలు ఒకడికి... ఇవాళ ఉత్తరం కూడా రాసుకున్నాడు. తెచ్చి నా చేతిలో పెట్టాడు."

పెద్ద మేడమ్ పెన్ను పక్కన పెట్టేసింది. "ఇప్పుడెక్కడున్నాడు?"

"నా గదిలో. హెల్త్ సెంటర్ నర్సుని పక్కనే కూర్చోబెట్టి వచ్చాను."

"మంచి పని చేశావు. ఉత్తరం నీకిచ్చాడంటే లోపల ఎక్కడో బతకాలనే ఉంది వాడికి. ఇంట్లో ఎవరున్నారు?"

"తల్లి ఒక్కతే."

"అయితే ఆవిడకి చెప్పాల్సిందే. ఇందులో ఆలోచించడానికేముంది?"

"ఒట్టు వేయించుకున్నాడు మేడమ్. లోకంలో ఎవరికి చెప్పినా ఫర్వాలేదు, అమ్మకి మాత్రం వద్దన్నాడు. ఇప్పుడు నేను మాట తప్పితే మళ్ళీ ఎవరినీ నమ్మడేమో!"

"బతికుంటేనే కదమ్మా నమ్మడమైనా, నమ్మకపోవడమైనా!" అంది పెద్ద మేడమ్. "ఇంతకీ తల్లంటే అంత భయమెందుకు? కొట్టే మనిషా?"

"కాదు మేడమ్. చాలా మంచావిడ." చిన్న మేడమ్ తల వంచుకుంది. "భయం కాదుట. అమ్మ అలిసిపోయి ఇంటికొస్తుంది, నేను మాట్లాడుతుంటే గడియారం చూస్తుంది అన్నాడు. గదిలో సామానంతా ఖాళీ అయితే, ఇన్నాళ్ళకి నా బంగారుకొండ గది సర్దుకున్నాడని మురిసిపోయిందట."

పెద్ద మేడమ్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఏం తల్లమ్మా ఆవిడ! కన్నకొడుకు నోరు విప్పితే గడియారం చూడ్డమేమిటి? సైకిలు పోయి, గిటారు పోయి, ఇల్లు బోసిపోతుంటే కళ్ళెక్కడ పెట్టుకుంది?"

చిన్న మేడమ్ కళ్ళనిండా నీళ్ళు.

అది చూసి పెద్ద మేడమ్ తగ్గింది. "సర్లే, నోరు జారాను. ఆవిడా మనిషేగా, ఎన్ని బరువులు మోస్తోందో ఏమో. నువ్వు మాత్రం ఆవిణ్ణి ఒక్క మాట కూడా అనకు. ఆ తల్లి తనని తాను తిట్టుకునేది చాలు, జన్మకి సరిపోతుంది." మళ్ళీ పెన్ను అందుకుంది. "కన్నవాళ్ళకి ఇలాంటి మాట చెప్పడం నీకిదే మొదలు కదూ?"

"అవును మేడమ్. కాళ్ళూ చేతులూ ఆడడం లేదు."

"అయితే విను. ముందు తలుపు వెయ్యి. మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టు. మేడమ్ గీడమ్ అనకు, అమ్మా అని పిలు. నీ నోట్లోంచి వచ్చే మొట్టమొదటి మాట, బిడ్డ క్షేమంగా ఉన్నాడని రావాలి. అది వినేదాకా తల్లి చెవికి ఇంకేదీ ఎక్కదు. మిగతాదంతా తరవాత."

అంటూనే కాగితం మీద గబగబా సంతకం గీకేసి, తేదీ వేసి, ఇవతలికి తోసింది.

"ఊ, లే. ఇంకా ఆలస్యమేమిటి? ఆవిడ ఎక్కడున్నా సరే, ఎంత పనిలో ఉన్నా సరే, అన్నీ వదిలేసి రమ్మను."

చిన్న మేడమ్ లేచింది. కాగితం మీద సంతకం ఒకసారి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకుంది. తలుపు దాకా వెళ్ళింది. బయటికి వెళ్ళకుండా తలుపు మూసి గడియ పెట్టింది. మూల ఉన్న కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంపింది. గ్లాసు తెచ్చి పెద్ద మేడమ్ ముందు పెట్టింది.

"నాకెందుకమ్మాయ్ ఇప్పుడు?" అంది పెద్ద మేడమ్, గడియారం కేసి చూస్తూ.

చిన్న మేడమ్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా... మీ అబ్బాయి క్షేమంగా ఉన్నాడు."