పన్నెండో కేంద్రం

“పిన్నిగారూ, పద్దెనిమిదా, నూట పద్దెనిమిదా?”

“నూట పద్దెనిమిదేనమ్మా. కొలపాత్ర నిండినప్పుడల్లా పారబోసి మళ్ళీ పట్టాను. రెండుసార్లు కూడుకున్నాను కూడా.”

దశాంశం ఫోను చెవికి ఆనించుకునే తెర వైపు చూసింది. అదే కొండ మీద, అదే రోజు, ఉపగ్రహం చెప్పిన వాన ముప్పై ఒక్క మిల్లీమీటర్లు.

దశాంశం అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. చుక్క తర్వాతి అంకె తేడా వచ్చినా ఆమె వదిలిపెట్టదు మరి. ఉపగ్రహం పైనుంచి మబ్బుల్ని చూసి, కింద ఎంత వాన పడి ఉంటుందో అంచనా కడుతుంది. ఆ అంచనా ఎంతవరకు నిజమో నేల మీది వానమాపకాలతో సరిచూడటం ఆమె పని. నది ఎగువన అలాంటి కేంద్రాలు పన్నెండున్నాయి. ఒక్కోచోట ఒక్కో మనిషి పొద్దున ఎనిమిదిన్నరకు నీళ్ళు కొలిచి ఫోనులో చెబుతారు. పదకొండు చోట్ల నుంచి వచ్చే అంకెలు ఉపగ్రహంతో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాలో కలిసిపోతున్నాయి. పన్నెండోది మాత్రం రెండేళ్ళుగా కొరకరాని కొయ్యగా మిగిలింది.

అక్కడ కొలిచే పెద్దావిడను అందరూ వాన పిన్ని అంటారు. భర్త పోయాక ఆయన పని ఆవిడ చేతికొచ్చింది.

డైరెక్టరుగారికి తొందరగా ఉంది. అంచనా నమ్మదగినదని తేలితే, దిగువ ఊళ్ళకిచ్చే వరద హెచ్చరిక ఈ వానాకాలం నుంచి ఉపగ్రహం చేతిలో పెట్టేయాలని పైనుంచి మాట. “పదకొండుమంది ఒకటి చెబుతున్నారు, ఒక్కావిడ ఇంకోటి చెబుతోంది. ఎవర్ని నమ్ముతావమ్మా?” అన్నాడాయన.

గాలిలో లెక్క తేల్చడం దశాంశానికి నచ్చదు. స్వయంగా బయల్దేరింది. దారిలో ఒక కేంద్రం చూసింది. రిజిస్టరులో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఎక్కడా కొట్టివేత లేదు. కొండమీద వాన పిన్ని రిజిస్టరు తడికి ఉబ్బి, సిరా అలుక్కుపోయి ఉంది. ఆవిడ కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. చేతులు సన్నగా వణుకుతున్నాయి. పక్కనే, మాటలు తప్ప బొమ్మలు రాని ఒక పాత బటన్ల ఫోను.

దశాంశం కొలపాత్రలో ఇరవై నాలుగు దాకా నీళ్ళు పోసి ఎంతుందో చెప్పమంది. ఆవిడ ఆ చీకటి గదిలోనే కళ్ళు చికిలించి ఇరవై ఏడంది. వెంటనే, “ఉండమ్మా, నేనెప్పుడూ వరండాలో వెలుగులో చూస్తాను,” అంటూ లేవబోయింది. దశాంశం అప్పటికే రాసేసుకుంది.

బయల్దేరేటప్పుడు పిన్ని గుమ్మం దాకా వచ్చింది. “పడినంతే రాశానమ్మా. పైనుంచి చూసేదానికి ఎంత కనబడిందో నాకెలా తెలుస్తుంది?” అంది.

పన్నెండో కేంద్రాన్ని జాబితా నుంచి తీసేశారు. దాంతో ఉపగ్రహం అంచనా నూటికి తొంభై ఆరు పాళ్ళు సరైనదని తేలింది. డైరెక్టరుగారికి శాలువా, దశాంశానికి మెప్పు దొరికాయి.

వానలు ముదిరిన ఒక మధ్యాహ్నం ఆమె ఫోను మోగింది.

“నేనమ్మా, పిన్నిని. ఇప్పుడు నా లెక్క మీకక్కర్లేదని తెలుసు. పొద్దుట్నించి రెండొందల పది దాటింది. ఇంకా కురుస్తోంది. నది ఒడ్డున ఇటుక బట్టీల దగ్గర కూలీలు పిల్లాపాపలతో ఉన్నారు. వాళ్ళకి కబురు చెయ్యండి.”

తెర మీద ముప్పై ఎనిమిది ఉంది. దశాంశం గొంతులో విసుగు రానివ్వలేదు. “పిన్నిగారూ, మీరు లోపలికెళ్ళి పడుకోండి. మేం చూసుకుంటాం,” అంది మెత్తగా.

“సరేనమ్మా,” అని పిన్ని పెట్టేసింది.

పొద్దు గూకేలోగా నది బట్టీల మీదికి వచ్చింది. పద్నాలుగు మంది పోయారు. తొంభైమంది దాకా మాత్రం ముందే గట్టెక్కారు. ఎవరో ముసలావిడ తడిసి ముద్దయి, గుడిసె గుడిసెకీ తిరిగి తలుపులు బాదిందని చెప్పారు. పద్నాలుగో శవం ఆ ముసలావిడదే.

దశాంశానికి అన్నం సయించలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది. విచారణకు సంఘం వేశారు. సంఘం ముందు డైరెక్టరుగారు ఒకటే మాట అన్నాడు. పదకొండు సాక్ష్యాలను కాదని ఒక్క సాక్ష్యాన్ని ఎవరు మాత్రం నమ్ముతారు? ఆమె కూడా ఆ పదకొండునే పట్టుకు వేలాడింది. భర్తకు అదే చెప్పింది, అద్దంలో తనకు తనూ అదే చెప్పుకుంది. దేవుడే ఆ కొండ మీద లెక్క తప్పించాడు, తన చేతిలో ఏముంది? సంఘమూ సరేనంది. లాంఛనంగా మిగతా పదకొండు కేంద్రాలూ ఒకసారి చూసి రమ్మని మెకానిక్కును పంపింది.

అతను నాలుగో రోజు తిరిగొచ్చాడు. కూర్చోమనకుండానే ఆమె ఎదురుగా కూలబడ్డాడు.

“అన్నీ తిరిగాను మేడమ్. మూడుచోట్ల వానమాపకం గరాటు చితికిపోయి ఉంది. రెండుచోట్ల అసలు నీళ్ళు పట్టే సీసానే లేదు. మిగతావాటిల్లో సాలెగూళ్ళు.”

“ఈమధ్యే పాడైపోయి ఉంటాయిలే,” అంది దశాంశం. “రెండేళ్ళూ వాళ్ళు కొలిచిన అంకెలన్నీ ఉపగ్రహంతో సరిపోయాయి కదా?”

మెకానిక్కు తన ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు.

“రోజూ ఏడింటికి మనం వాళ్ళ ఫోన్లకి పంపే ఉపగ్రహం పటం చూసి రాస్తున్నారు మేడమ్.”