లక్ష రూపాయల కీబోర్డు

జమ్మికుంట బస్టాండు వెనక కంప్యూటర్ కీబోర్డు చేతికి రాగానే, యూనుస్ దాంతోనే అమ్మవచ్చిన రాకేశ్ మొహం మీద బాదాడు. మీటలు మట్టిలో చెదిరిపడ్డాయి.

తొమ్మిది రోజులుగా జాడలేని తమ్ముడిదది. గోళ్లరంగు పూసిన మీటను ఆన్‌లైన్ అమ్మకం ఫోటోలో చూసి గుర్తుపట్టాడు.

“మా తమ్మున్ని ఏం జేసినవ్‌రా?” అంటూ గొంతు పిసికాడు.

రాకేశ్ చెయ్యెత్తలేదు. నెత్తురు ఉమ్మి, “పేరేంది?” అన్నాడు.

“అవేజ్. యాడ పాతిపెట్టినవ్?”

“కరీంనగర్ దవాఖానల ఉన్నడు. లారీ గుద్దితే నేనే తీస్కపోయిన. ఇంక సోయి రాలే, పేరు గూడ ఎవలకు తెల్వదు. ఫోన్ నుగ్గయింది. బ్యాగుల గిదొక్కటే మిగిలింది.”

యూనుస్ పట్టు సడలింది. “మరి అమ్మకానికెందుకు పెట్టినవ్?”

“పాతదానికి లక్ష అడిగిన. గుర్తుపట్టినోళ్లు తప్ప గా ధరకు ఎవలొస్తరన్నా?”